బాపు అరచేతి మీద నీలిరంగు

మా ఇంట్ల డిగ్రీ వచ్చింది. ముందుగాల ఆ మాట చెప్పి మిగిలింది చెప్తా, లేకుంటె నాకు కడుపుల ఆగదు. బీకాం, ఫస్ట్ క్లాస్. బాపు దిక్కు, అమ్మ దిక్కు, ఎంత ఎనకకు పోయి ఎతికినా కాలేజి గేటు దాటినోళ్లు ఒక్కలు లేరు. పట్టా చేతికొచ్చిన కాడికెల్లి మా ధూల్‌పేట్ గల్లీల ఎవలు ఎదురైనా నేనే ఆపి చెప్తున్న. పాలు పోసెటాయనకు చెప్పిన. కరెంటు మీటరు చూడనీకొచ్చినాయన అడగనే లేదు, ఆయనకు గూడ చెప్పిన. "మంచిదమ్మా, మీటరు మీద బట్టలు ఆరేయకుండ్రి" అనుకుంట పోయిండు.

గని ఈ పట్టాకు ముందు మా ఇంట్ల నడిచిన అనుమానాల లొల్లి చెప్పకుంటె ఈ సంతోషం సగమే తెలుస్తది. ఆ దినాలల్ల మా ఇంట్ల ఒకలనొకలు నమ్మలే. నేను అందర్ని అనుమానించిన. బాపు నన్ను అనుమానించిండు. నడుమ అమ్మ అన్నం పెట్టుకుంట ఇద్దరి మొఖాలు చూసుకుంట కూసున్నది.

మా బాపు గణపతులకు కండ్లు పెడ్తడు. మా తాన బొమ్మ ఒక్క చేతి మీద కాదు తయారయ్యేది. పొట్ట ఒకలు పోస్తరు, తొండం ఒకలు, చేతులు ఒకలు. ఇంకొకలు అన్ని జోడిచ్చి అతుకులు కనబడకుండ నున్నగ చేస్తరు. రంగులు ఇంకొకలు. అన్ని అయినంక ఆఖరికి కండ్లు. ఆ పని అందరితోని కాదు. శ్రావణం వచ్చిందంటె బాపును ఈ షెడ్డు నుంచి ఆ షెడ్డుకు పిలుస్తనే ఉంటరు. మా ఇంటి ముంగట గూడ రేకుల షెడ్డు ఉన్నది, ఎనక రెండు అర్రలు, మీద మా అత్తమ్మ అర్ర. అత్తమ్మ అంటె బాపు అక్క, భర్త పోయినంక మా తాన్నే ఉంటది.

కండ్లు పెట్టేటప్పుడు బాపు షెడ్డుల పర్ద కడ్తడు. లోపటికి ఎవలు పోవద్దు. కండ్లు పెట్టినంక బొమ్మ మొఖానికి పేపరు చుట్టి కట్టేస్తడు, మండపంల కూసుండబెట్టిందాక అది ఇప్పొద్దు. పుట్టిన కాడికెల్లి ఆ పర్ద దాటి నేను పోలే. పోవాలని గూడ అనిపియ్యలే.

బాపుకు చదువు రాదు. అంకెలు వస్తయి, ఫోన్ నంబర్లు కొడ్తడు, గడియారం చూస్తడు. అక్షరాలే రావు. నేను చదివిన ఏ బడికి బాపు రాలే. మీటింగ్ అంటె అత్తమ్మను తోలిండు, ఆమె ఏడో తరగతి చదివింది గనక. పని ఉన్నదనెటోడు. నాకు తెలుసు పని కాదని. బడి గేటు కాడ రిజిస్టర్ల సంతకం పెట్టమంటరు. ఒకసారి బ్యాంకుల చూసిన. బాపు చేతులు ఎప్పుడు రంగులతోనే ఉంటయి, ఎన్నడు ఫికర్ చెయ్యడు. గని ఆ దినం వేలిముద్ర ఏసినంక బొటనవేలికి అంటిన సిరా మాత్రం అంగీకి తుడుస్తనే ఉన్నడు, బస్సు ఎక్కిందాక.

నాకు ఫోన్ కొనిచ్చింది బాపే, డిగ్రీల చేరినప్పుడు. మూడేండ్లు ఏం అడగలే. అనుమానం ఒక బండి బొమ్మతోని షురువైంది.

బహదూర్‌పురాల నాకొక దోస్తు ఉన్నది, నా క్లాసే. దానికి బండి కొనాలని మస్తు ఖాయిష్. కొనేదాక ఆగలేక దాని డీపీల ఒక నల్ల బైకు బొమ్మ పెట్టుకున్నది. ఒకనాడు పొద్దుగాల కిటికీ కాడ చార్జింగ్ పెట్టిన నా ఫోను ఎలిగింది. పక్కకు చాయ్ తాగుతున్న బాపు చూసిండు. చదువు రానోనికి బొమ్మనే గద కనబడేది.

"ఈ బండి ఎవలిది?" అన్నడు.

నా దోస్తుదన్న. ఆడపిల్లనే అన్న.

"ఆడపిల్లకు బండి బొమ్మెందుకు?"

నేను నవ్విన. ఆ నవ్వే కొంప ముంచింది. సంజాయిషీ చెప్పినా అయిపోవు గావచ్చు.

గప్పటికే కార్వాన్ నుంచి ఒక సంబంధం వచ్చి ఉన్నది. పప్పుల హోల్‌సేల్ దుకాణమోళ్లు, మంచోళ్లేనట. నేను ఎంకాం చేస్తనన్న గనక బాపు ఆళ్లకు అవుననలే, కాదనలే. బండి బొమ్మ చూసిన దినం పొద్దుమీకి బువ్వ తినుకుంట, గట్టిగ గూడ అనలే, మామూలుగ అన్నడు. ఆ ఫోన్ల ఏదన్న ఉన్నదని తెలిసిన దినమే కార్వానోళ్లకు హా చెప్తా, ఫోను నా తాన పెట్టుకుంట, ఎంకాం గింకాం ఏం ఉండదు అని. ఎంకాం సీటు కబురు ఫోనుకే వస్తది. వచ్చినంక ఎంటనే ఒప్పుకోకుంటె ఇంకొకలకు పోతది. అంటె ఆ ఫోను పోతే నా చదువు పోయినట్టే.

నా ఫోన్ల ఏం లేదా అంటె, ఉన్నది. దాచిపెట్టింది ఒకటి ఉన్నది. గదే కష్టం.

కాలేజిల నోటీసు పెట్టిన్రు. గ్రాడ్యుయేషన్ డే నాడు, ఇంట్ల మొదటిసారి డిగ్రీ చేసినోళ్ల తల్లినో తండ్రినో స్టేజి మీదికి పిలుస్తరట. దండేసి శాలువ కప్పి, ఆళ్ల చేతుల మీదుగనే పిల్లలకు పట్టా ఇప్పిస్తరట. నోటీసు చూడంగనే బాపు శాలువతోని నా కండ్ల ముంగట కనబడ్డడు. కింద ఇంకో లైను ఉన్నది, స్టేజి ఎక్కే ముందు రిజిస్టర్ల తల్లిదండ్రులు సంతకం చెయ్యాలె అని. ఎంటనే బ్యాంకుల అంగీకి తుడుసుకున్న బొటనవేలు గూడ కనబడ్డది. చెప్తే రాడు. అత్తమ్మను తోల్కపో అంటడు. గందుకే చెప్పొద్దని నేను, నా దోస్తు ఉపాయం చేసినం. కాలేజోళ్లు గణపతి చేపిస్తరట, జాగ కొలత చూడాలె రా అని చెప్పి తోల్కపోవాలె. స్టేజి ముంగట నిలబడ్డంక ఎనకకు ఎట్ల పోతడు? ఈ ముచ్చట్లన్ని మెసేజ్‌లల్ల నడుస్తుండె. తెలుగే, గని ఇంగ్లిష్ అక్షరాలల్ల కొడ్తం.

ఇగ అప్పటిసంది బాపుకు తెల్వద్దనుకున్నయి తెలుస్తున్నయి.

ఒకనాడు అన్నం కలుపుకుంట "ఫోటోలు దిగినవా?" అన్నడు. నేను ముద్ద మల్ల కంచంల పెట్టేసిన. ఆ ముందు దినమే నా దోస్తు ఫోటోలు తెమ్మని మెసేజ్ పెట్టింది. ఎందుకు బాపూ అంటె ఊకెనే అడిగిన అన్నడు. మల్లొకనాడు, ఆధార్ కార్డు ఏడ పెట్టినవ్ అన్నడు. ఆయన నా ఆధార్ గురించి అడుగుడు పుట్టినసంది అదే మొదలు. నేను ఫోను తీసి చూసిన. ఆధార్ ముచ్చట గూడ దాంట్లనే ఉన్నది.

ఫోన్ తెరిసే గీతను మార్చిన. ఏం ఫాయిద లేదు. ఆయన చూసేటట్టు ఒక్కసారి తెరిస్తె చాలు, నా వేలు ఎటు తిరిగిందో పట్టేస్తడని గప్పుడు నాకు తెల్వది. నా ఫికర్ వేరే. బాపుకు అక్షరం రాదు. అమ్మకు రాదు. మరి ఎవలు చదివి చెప్తున్నరు? ఇంట్ల చదువొచ్చినోళ్లు నేనొకదాన్ని, అత్తమ్మ ఒకతె. నా ఫోను చార్జింగ్ పెట్టే కిటికీ మెట్ల కాడ. అత్తమ్మ రోజంత కూసునేది ఆ మెట్ల మీద. పైగ కార్వాన్ సంబంధం తెచ్చింది ఆమె మరిదే. ఇంక సాక్ష్యం ఏం కావాలె?

అప్పటినుంచి అత్తమ్మ దగ్గితె గూడ నాకు వేరే అర్థం కనబడ్డది. నేను స్నానానికి పోంగ ఆమె మెట్లు దిగితె అనుమానం. దిగకుంటె, నేను చూస్తున్ననని తెలిసి దిగలేదేమోనని అనుమానం. అమ్మకు చెప్తే, దాస్తేనే గద బిడ్డా అనుమానం, చూపెడితె అయిపోతది అన్నది. అమ్మ గూడ ఆళ్ల దిక్కే అనుకున్న.

ఇంకొకటి చూసిన గని పట్టించుకోలే. బాపు అన్నానికి కూసునే ముందు ఎడమ అరచేయి కిరసనాయిలు గుడ్డతోని ఎక్కువసేపు రుద్దుతుండె. అయినా నీలిరంగు గీతలు సన్నగ మిగిలి కనబడుతుండె. సీజన్ గద, చేతికి రంగు ఉండదా అనుకున్న.

నా దోస్తు, ఉచ్చు పెడదాం అన్నది. దానికి గిసొంటియంటె ప్రాణం. మేమిద్దరం ముందే మాట్లాడుకున్నం. అది మెసేజ్ పెట్టింది, రేపు పదకొండింటికి జూ గేటు కాడ ఉండు, ఎవలకు చెప్పకు అని. నేను ఫోను కావాలనే కిటికీల పెట్టి తలస్నానానికి పోయిన. మస్తుసేపు చేసిన.

తెల్లారి మెమో తెచ్చుకోవాలె అని చెప్పి బహదూర్‌పురా పోయిన. ఇద్దరం మొఖాలకు చున్నీలు కట్టుకోని ఆటోల జూ గేటు ముంగటికెల్లి మెల్లగ పోనియ్యమన్నం. ఆడ ఉన్నడు బాపు. పెండ్లిళ్లకు ఏసుకునే తెల్ల అంగీ ఏసుకోని, స్కూటర్ స్టాండేసి, చేతిల పల్లీల పొట్లం పట్టుకోని ఉన్నడు. ఒక్క పల్లీ గూడ తింటలేడు. నల్ల బైకు ఏది ఆగినా తల లేపి చూస్తున్నడు. బుడగలమ్మెటాయన ఒకడు బాపు ఎంబడి పడ్డడు, బచ్చోంకు లేజావ్ సేటు, పిల్లలకు తీస్కపో అనుకుంట. మా దోస్తు నవ్వుడు చూసి ఆటో భాయ్ ఎనకకు మర్రి చూసిండు. నాకు నవ్వు రాలే. చవితి దగ్గర పడ్డది. ఎన్ని షెడ్లల్ల కండ్లు లేని బొమ్మలు బాపు కోసం నిలబడ్డయో నాకు తెలుసు. అవన్ని ఇడిసిపెట్టి ఈడ నిలబడ్డడంటె, ఈ మనిషి నిజంగనే కార్వానోళ్లకు మాట ఇచ్చేటట్టున్నడు అని ఆటోను జల్ది పోనియ్యమన్న.

పొద్దుమీకి అన్నం కాడ "మెమో దొరికిందా?" అన్నడు.

"దొరికింది" అన్న.

ఇద్దరం కంచాలు చూసుకుంట తిన్నం.

ఇగ ఆగలేక తెల్లారి అత్తమ్మ అర్రకు పోయిన. బియ్యం ఏరుతున్నది. నా ఫోను చూసి బాపుకు చదివి చెప్తున్నవా అని అడిగేసిన. ఆమె చాట పక్కన పెట్టి, డబ్బల నుంచి అద్దాలు తీసి నాకు చూపిచ్చింది. ఒక అద్దం సాలెగూడు తీర్గ పగిలి ఉన్నది.

"ఇవి పెట్టుకోని నాకు బియ్యంల రాళ్లే కనబడుతలేవు, ఏళ్లతోని తడిమి తీస్తున్న. నీ ఫోన్ల చీమలసొంటి అక్షరాలు చదువుతనా? అది గూడ ఇంగ్లిష్ల. నేను తెలుగు బడి పోయినదాన్నే పోరి." మల్ల చాట అందుకున్నది. "మా ఇంట్ల కండ్లున్నోడు మీ బాపే. డిగ్రీ చేసినవ్ గద, పట్టుకో దొంగను."

కిందికి వచ్చిన. బాపు ఏదో పెద్ద బొమ్మ ఉన్నదని పక్క గల్లీ షెడ్డుకు పోయిండు. అమ్మకు పొయ్యి మీద కూర మాడుతున్నది. చెయ్యి తీరక, పర్దెనక పాత గుడ్డల మూట ఉంటది తీస్కరాపో అన్నది. లోపటికి పోవద్దు గద అంటె, కండ్లు పెట్టుడు అయిపోయింది, అన్నిటికి పేపరు కట్టిండు, పో అన్నది.

పర్ద లేపి పోయిన. మొఖాలకు పేపర్లు కట్టుకోని గణపతులు వరుసగ నిలబడ్డయి. మూలకు ఒక పాత బొమ్మ, చెవి ఇరిగిపోయి అమ్ముడుపోనిది, గోడకు మొఖం పెట్టి ఉన్నది. చెవి ఇరిగినసంది దాని పని ఆపేసిన్రు, వీపు ముక్క అతికియ్యనే లేదు. లోపటంత డొల్ల. వీపు మీద గోనెసంచి ఏలాడేసి ఉన్నది. గుడ్డల మూట దాని ఎనక ఉంటదేమోనని సంచి లేపిన.

బొజ్జ లోపట నా మెసేజ్‌లు ఉన్నయి.

నీలిరంగు, సన్న కుంచె. తెల్లటి గరుకు ప్లాస్టర్ మీద ఇంగ్లిష్ అక్షరాలు, అచ్చం ఫోన్ల ఉన్నట్టే. చుట్టు గుండ్రటి మూలల డబ్బలు గూడ గీసి ఉన్నయి. నా దోస్తు మాటలు ఎడమ దిక్కు, నావి కుడి దిక్కు. డబ్బ కింద చిన్నగ టైము, నా డబ్బలకైతె దాని పక్కన రెండు టిక్కులు. పైన గుండ్రంల నల్ల బైకు, చక్రాల పుల్లలతోని సహా. నేను పంపిన నవ్వే మొఖం బొమ్మకైతె ఫోన్ల కంటె మంచి కండ్లున్నయి, రెప్పలు, నల్లగుడ్లల్ల మెరుపు సుక్క. అలవాటు చెయ్యి ఊకోదు గద.

మొదలు భయమైంది. మల్ల ఒక్కొక్క లైను చూస్తుంటె వేరే సంగతి అర్థమైంది. ఒక్క అక్షరం తప్పు పోలే. నేను తొందర్ల తప్పు కొట్టిన కాడ తప్పు గూడ గట్లనే ఉన్నది. ఈ మనిషికి దీంట్ల ఒక్క ముక్క తెల్వది. చూసి గీసిండు. నేను స్నానానికి పోయినప్పుడల్ల నా ఫోను పట్టుకోని ఈ పర్దెనక కూసోని గీసిండు. కండ్లు పెడ్తున్నడనుకోని మేమెవలం ఇటు రాలే.

స్కూటర్ చప్పుడైంది. బాపు పర్ద కాడ వచ్చి నిలబడ్డడు. ఎందుకొచ్చినవ్ అని లొల్లి చెయ్యలే. స్టూల్ గుంజుకోని కూసున్నడు.

"చూసినవా" అన్నడు.

"చూసిన. ఎవలు చదివిన్రు నీకు?"

ఎడమ చెయ్యి చాపి అరచేయి చూపిచ్చిండు. ఈడ గీసినదాంట్లకెల్లి ఒక్కొక్క ముక్క అరచేతి మీద గీసుకోని పోయెటోడంట. ఒక ముక్క చాయ్ హోటల్ భాయ్‌కి, ఒక ముక్క రంగుల దుకాణం సేటుకు, ఒక ముక్క బొమ్మలు మోసే ట్రాలీ ఆటో ఆయనకు చూపిచ్చి, ఇదేందో చూడు, ఎవడో బొమ్మ మీద రాయమన్నడు అని అడిగెటోడంట. జూ గేటు మాట చదివింది చాయ్ భాయేనట. అంకె తనే చదువుకున్నడంట.

ఒక్కనితోనే అన్ని చదివియ్యకపోయినవా అన్న.

"ఒక్కనికే అంత చూపెడితె బొమ్మంత వానికి తెలుస్తది. నా బిడ్డ ముచ్చట బజార్ల పడ్తది. అందుకే ఒకనికి చెయ్యి, ఒకనికి కాలు. జోడిచ్చుకునుడు నాకు రాదా?"

మెల్లగ ఏళ్లు మడుసుకుంట జోడిచ్చి చెప్పిండు. ఇద్దరి పేర్లు రేపటికల్లా ఇయ్యాలె. ఆధార్, రెండు ఫోటోలు తెచ్చుకో. దండలు ఆళ్లే తెస్తరు. వేలిముద్ర. బాపుకు తెల్వనియ్యకు. "ఇగ ఏం బొమ్మ అయితది, నువ్వే చెప్పు. రిజిస్టర్ లగ్గం కాకుంటె? రేపు పొద్దుగాల కార్వాన్ పోతున్న. మాట ఇచ్చి వస్త."

ఆయన చెప్పిన తీరుగ చూస్తె నాకు గూడ లగ్గమే కనబడ్డది. నేను చదువుత ఇను అన్న.

"నువ్వు చదివితె నీకు కావల్సినట్టు చదువుతవ్. దొంగతోని పంచనామా రాయిస్తరా ఎవలన్న?"

"నీ తాన ముక్కలున్నయి గద బాపూ. నేను చదువుకుంట పోత. నీ ముక్కలు కూసుంటయో లేదో చూస్కో."

ఆ మాట ఆయనకు నచ్చింది. కండ్లు మూసుకున్నడు. నేను బొజ్జలకు వంగి, ఏలు పెట్టి మొదటి లైను కాడికెల్లి చదివిన. నోటీసు చూసినవా, ఇంట్ల మొదటిసారి డిగ్రీ చేసినోళ్ల తల్లి గని తండ్రి గని పట్టా ఇచ్చే దినం స్టేజి మీదికి రావాలె. నీది, బాపుది ఇద్దరి పేర్లు రేపటికల్లా ఇయ్యాలె. బాపు ఒక ఏలు మడిసిండు. ఆధార్ జిరాక్స్, రెండు ఫోటోలు తెచ్చుకో. ఇంకో ఏలు. దండలు, శాలువ కాలేజోళ్లే తెస్తరు. ఇంకో ఏలు. స్టేజి ఎక్కేదాక బాపుకు తెల్వనియ్యకు, తెలిస్తె రాడు.

కండ్లు తెరిసిండు. ఆ మొదటి లైను ఎవలకు చూపెట్టలేదా అని అడిగిన. అన్ని దాంట్లనే ఉన్నయి గద.

"అది పొడుగున్నది" అన్నడు. "అరచేతిల పట్టలే."

నాకు నవ్వు, ఏడుపు ఒక్కతీర్గ వచ్చినయి. గని బాపు నవ్వలే. లేచి వచ్చి బొజ్జల ఒక తాన ఏలు పెట్టిండు, శాలువ లైనుకు కింద, స్టేజి లైనుకు మీద.

"ఒక ముక్క మింగినవ్."

"ఏ ముక్క?"

"ఇది. ఆటో ఆయన చదివిండు. వేలిముద్ర అని ఉన్నది దీంట్ల. చదువు."

మింగింది నిజమే. కావాలనే మింగిన. ఆయన నా మొఖం మీదికెల్లి చూపు తీయలే. ఇగ చదివిన. "సంతకం రాకుంటె వేలిముద్ర నడుస్తదట. నేను మేడంని అడిగిన. నీ పేరు చెప్పలే."

బాపు మల్ల పోయి స్టూల్ మీద కూసున్నడు. గోరుల ఇరికిన రంగు తీసుడు షురు చేసిండు. లోపట అమ్మ గుడ్డల మూట కోసం పిలుస్తున్నది.

"గిందుకా నాకు చెప్పలే?"

"గిందుకే."

ఇంకేమన్న అంటడేమోనని చూసిన. ఆయన బొమ్మ దిక్కు చూసుకుంట వేరేది అడిగిండు. కుడి దిక్కు ప్రతి డబ్బ కింద ఈ రెండు గీతలేంది, ఎవల్ని అడిగినా ఇవి అక్షరాలు కావంటున్నరు అని. నేను చెప్పిన, మనం పంపింది అవుతలోళ్లకు ముట్టిందని గుర్తు, నీలిరంగు అయితె ఆళ్లు చదివిన్రని. మంచి పద్ధతే అన్నడు. కార్వాన్ ఇప్పుడే పోను తీయ్ అన్నడు. స్టేజి మాట ఎత్తలే. పర్ద దాటబోయి ఆగి, "గని ఆ బండి ఎవలిది?" అన్నడు.

దోస్తును ఇంటికి పిలిచిన. అది వచ్చి బాపు ముంగట నిలబడి, ఆ బండి ఇంకా కొనలే అంకుల్, కొన్నంక మొదలు మీకే చూపెడ్త, జూ గేటు మాట గూడ ఉత్తదే అన్నది. బాపు దాన్ని మీదికెల్లి కిందిదాక బొమ్మ కొలత చూసినట్టు చూసిండు. అందాక హెల్మెట్ బొమ్మ గూడ పెట్టు అన్నడు. అమ్మ చాయ్ తెచ్చింది. అత్తమ్మ మెట్ల మీది నుంచి, దొంగ దొరికిందా అని అడిగింది. జవాబు చెప్పకుండ, అద్దాలు బాగు చేపిస్త తే అన్న.

తర్వాత ఒకనాడు బాపు నా తాన కూసోని, నా పేరు నీ ఫోన్ల కొట్టు అన్నడు. తెలుగుల కొట్టి దోస్తుకు పంపిన. అది చూసి టిక్కులు నీలిరంగు అయ్యిందాక ఆగి బాపు ఫోను చేతిలకు తీసుకున్నడు. పర్ద కట్టుకున్నడు. బయట నిలబడి సంతకమా బాపూ అంటె, గీసింది సంతకమెట్ల అయితది అని లోపటికెల్లి మాట వచ్చింది. అందరు గీసేటోళ్లే, మా ప్రిన్సిపాల్ సంతకమైతె కోడి గీకినట్టు ఉంటది అన్న. గప్పటికి గూడ వస్తనని చెప్పలే. నేను పేర్లు మాత్రం ముందే ఇచ్చేసిన, ఇద్దరివి.

పట్టా ఇచ్చే దినం పొద్దుగాల చూస్తె బాపు తెల్ల అంగీ ఏసుకోని స్కూటర్ తుడుస్తున్నడు.

కాలేజిల బల్ల కాడ మేడం బాపు చేతుల రంగు చూసి, అడగకుండనే సిరా డబ్బి ముంగటికి జరిపింది. బాపు దాన్ని ఒక్క ఏలితోని పక్కకు జరిపిండు. పెన్ను తీసుకోని రిజిస్టర్ మీదికి వంగిండు. ఎనక లైను పెరుగుతున్నది, ఎవలో జల్ది జల్ది అంటున్నరు. ఆయన కండ్లు పెట్టేటప్పుడు ఎంత నిదానమో అంత నిదానంగ, ఫోన్ల అచ్చు ఎట్లున్నదో గట్లనే తన పేరు గీసిండు. గీసి, దాని పక్కన చిన్నగ రెండు టిక్కులు పెట్టిండు. పెన్ను గూడ నీలిదే.

ఈ టిక్కులేందని మేడం అడిగింది.

"ముట్టినట్టు" అన్నడు బాపు.

ఆమెకు తెల్వక నా దిక్కు చూసింది. నేను ఆ టిక్కులనే చూస్తున్న. ఇగ ఎనకోళ్లను పిలిచింది.

దండేసిన్రు, శాలువ కప్పిన్రు. పట్టా బాపు చేతికిచ్చిన్రు. ఎంటనే నాకు ఇయ్యలే ఆయన. స్టేజి మీదనే నిలబడి దాన్ని మీదికెల్లి కిందిదాక చూసిండు. ఫోటో తీసెటాయన ఇటు చూడుండ్రి, ఇటు చూడుండ్రి అంటనే ఉన్నడు. నా చేతిల పెట్టుకుంట చెవుల అన్నడు, ఇంటికి పోయినంక ఇది పూరా చదువు, ఒక్క ముక్క మింగకు అని.

ఇంటికి పోయినంక అందర్ని కూసుండబెట్టి చదివిచ్చిండు. కింద చిన్న అక్షరాలల్ల ఉన్నది గూడ ఇడువలే. నేను చదువుతుంటె ఆయన ఏలు లైను ఎంబడి నడుస్తున్నది. నడుమ నడుమ అత్తమ్మ దిక్కు చూస్తున్నడు. ఆమె కొత్త అద్దాలు సదురుకుంట, అది ఇంగ్లిష్‌రా, నన్నెందుకు చూస్తున్నవ్ అన్నది.

సరిగ్గ గప్పుడే కిటికీల నా ఫోను ఎలిగింది. అందరి తలలు అటు తిరిగినయి. బాపు లేచి పోయిండు. చూస్తడనుకున్న. తెచ్చి, అద్దం కిందికి బోర్లిచ్చి నా చేతిల పెట్టి, మల్ల పోయి కూసున్నడు.

ఎంకాం సీటు. తెల్లారి ఆ సంగతి గూడ పాలాయనకు చెప్పిన.